క్షమాభిక్ష బేరంలో ప్రభుత్వం ఎగ్గొట్టిన సగం

మీ ప్రశ్న: "దక్షిణాఫ్రికాలో హంతకుల్ని కూడా క్షమించి వదిలేశారు కదా, దాంతో దేశం ఒక్కటైందా? అసలు ముందు శిక్ష పడాలా, రాజీ కుదరాలా?" ఉద్యోగరీత్యా కొన్నేళ్లు జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్నాను కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను.

అందర్నీ వదిలేశారన్నది మనవైపు బాగా పాకిన అపోహ. తెల్లవాళ్ల జాతివివక్ష పాలనలో (అపార్థీడ్) జరిగిన ఘోరాల నిజాలు బయటపెట్టడానికి 1995 చట్టంతో ట్రూత్ కమిషన్ ఏర్పడింది, దానికి ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షుడు. క్షమాభిక్ష కావాలంటే చేసిన నేరం రాజకీయ కారణంతో చేసిందై ఉండాలి, దాని గురించి ఏదీ దాచకుండా చెప్పాలి. పశ్చాత్తాపపడమని మాత్రం చట్టం అడగలేదు! 7,112 మంది దరఖాస్తు పెట్టుకుంటే దక్కింది 849 మందికి. కాదన్నవి 5,392. వీటిలో రాజకీయాలతో సంబంధం లేని మామూలు ఖైదీలు పెట్టుకున్నవే ఎక్కువనుకోండి.

క్షమాభిక్ష ఇస్తామన్న ఒప్పందం అంతకుముందే, అందరికీ ఓటు దక్కిన 1994 ఎన్నికలకు ముందే కుదిరింది. అప్పటికి పోలీసు, సైన్యం ఇంకా పాత తెల్ల ప్రభుత్వపు మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. క్షమాభిక్ష మాటే లేకపోతే 1994 ఎన్నికలు సవ్యంగా జరిగేవని నేననుకోను. కాబట్టి ఆ బేరం తప్పని అనలేను. కాకపోతే దానికి రెండో సగం ఉంది: నిజం చెప్పనివాళ్ల మీద కేసు నడవాలి. కమిషన్ దాదాపు 300 కేసులు ప్రాసిక్యూటర్లకు అప్పగించింది. వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి కదల్లేదు. నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో 1977లో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ పోలీసులకు 1999లో క్షమాభిక్ష నిరాకరించారు, అయినా ఒక్కరి మీదా కేసు పెట్టలేదు.

అహ్మద్ టిమోల్ కేసు మరీ ఘోరం. టిమోల్ భారత సంతతి స్కూలు మాస్టారు, జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేస్తూ పోలీసులకు దొరికాడు. 1971లో జోహన్నెస్‌బర్గ్ పోలీసు ప్రధాన కార్యాలయం పదో అంతస్తు నుంచి దూకి చచ్చిపోయాడన్నారు, కోర్టు కూడా ఆత్మహత్యే అంది. మేనల్లుడు పట్టు వదలకుండా తిరిగి తిరిగి విచారణ మళ్లీ తెరిపిస్తే, 2017లో అది హత్యేనని తేలింది. మరుసటి ఏడాది జొవావ్ రోడ్రిగ్స్ అనే మాజీ పోలీసు మీద కేసు పెట్టారు. ఇంత ఆలస్యంగా కేసేమిటని అతను కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, విచారణ మొదలుకాకుండానే 2021లో చనిపోయాడు.

జోహన్నెస్‌బర్గ్‌లో నల్లవాళ్లుండే సొవెటో నుంచి వచ్చే మా ఆఫీసు సీనియర్ ఒకాయన అనేవాడు: "మేం మాట నిలబెట్టుకున్నాం, వాళ్లే నిలబెట్టుకోలేదు." వాళ్లంటే తెల్లవాళ్లు కాదు, 1994 నుంచీ ప్రభుత్వం నడుపుతున్న ఏఎన్‌సీ, ఆయన ఇన్నేళ్లూ ఓటేసిన సొంత పార్టీ. ఆ కోపం నాకు న్యాయంగానే అనిపించింది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటా సాయం ఇవ్వమని కమిషన్ చెబితే, ప్రభుత్వం 2003లో ఒక్కసారి 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. తమకు రావాల్సింది ఇంకా ఉందని 2023 చివర్లో ఖులుమాని అనే బాధితుల సంఘం వృద్ధులు రాజ్యాంగ కోర్టు బయటే మకాం వేశారు.

డర్బన్‌లో ఉగాది కార్యక్రమానికి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ పరిచయమయ్యారు. ఇంటిపేరు నాయుడు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ల మునిమనవరాలు. తెలుగు భజనలు పాడతారు, మాటలన్నీ ఇంగ్లీషులోనే. జాతులవారీగా నివాసాలు విడగొట్టే చట్టం కింద వాళ్లని డర్బన్‌లోని కేటో మేనర్ ఇంట్లోంచి ఖాళీ చేయించి, భారతీయులకని కేటాయించిన చాట్స్‌వర్త్‌కి తోలేశారట. కమిషన్ ముందుకు వెళ్లారా అని అడిగితే, "మమ్మల్ని ఎవరూ కొట్టలేదు నాయనా, చంపలేదు. ఇల్లు లాక్కున్నారంతే. అది వాళ్ల లిస్టులో లేదు" అన్నారు. నిజమే. హత్య, చిత్రహింస, అపహరణ లాంటివే కమిషన్ పరిధిలోకి వచ్చాయి. భూముల పరిహారానికి 1994లో వేరే చట్టం తెచ్చారు గానీ, లక్షల మంది రోజూ పడ్డ అవమానానికి అలాంటి వేదిక దొరకలేదు.

అందుకే ముందు శిక్షా, ముందు రాజీనా అన్నదాని కంటే, కుదిరిన రాజీలో అందరూ తమ వంతు చేశారా అన్నది నాకు పెద్ద ప్రశ్న. ఆ కేసుల్ని కావాలనే ఆపారా, ఆపితే ఎవరు ఆపారు అని తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా 2025లో మాజీ న్యాయమూర్తి సిసి ఖంపెపెతో విచారణ కమిషన్ వేశారు. బాధిత కుటుంబాలు కోర్టుకెక్కాకే లెండి.

ఓపిక ఉంటే ట్రూత్ కమిషన్ విచారణల్లో ఎవరేం మాట్లాడారో అక్కడి న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉంది. 1997లో జరిగిన జెఫ్రీ బెంజియన్ విచారణతో మొదలుపెట్టండి. తడి సంచి తలకు తొడిగి ఊపిరాడకుండా ఎలా చేసేవాడో, తను హింసించినవాళ్లే అడిగితే ఆ పోలీసు అందరి ముందూ చేసి చూపించాడు. అతనికి క్షమాభిక్ష దక్కింది. నాకైతే మింగుడుపడదు గానీ, షరతు ప్రకారం అది సబబే. బికో పోలీసులు ఆ షరతు కూడా పాటించలేదు.