శుభ్రమైన కాలనీలో డెంగీ ఎందుకు?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో కొత్తగా వెలిసిన కాలనీ. భూగర్భ డ్రైనేజీ ఉంది, చెత్త రోజూ తీసుకువెళతారు. అయినా వానాకాలంలో ఇంటింటా డెంగీ జ్వరాలే. చుట్టూ అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలును వ్యాపింపజేస్తుంది గానీ డెంగీని కాదు. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై ఎక్కువగా నిలవ ఉన్న తేట నీటిలో పెరుగుతుంది కనుక, డ్రైనేజీ బాగున్నంత మాత్రాన దాని బెడద తగ్గదు.

కడుతున్న భవనంలో అలాంటి నీటికి కొదవ ఉండదు. శ్లాబు మీద క్యూరింగ్ కోసం, అంటే కాంక్రీటు గట్టిపడేందుకు, మడులు కట్టి నిలిపిన నీళ్లు, లిఫ్టు కోసం తవ్వి వదిలేసిన గుంత, వాననీరు చేరిన సెల్లార్, మూతలేని డ్రమ్ములు, వీటిలో ఏది వారం పది రోజులు కదలకుండా ఉన్నా గుడ్డు దోమగా మారి ఎగిరిపోతుంది. పైగా ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటించి పెడుతుంది. తడి ఆరినా అవి నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే డ్రమ్మును వంపేస్తే చాలదు, లోపలి గోడలను గట్టిగా రుద్ది కడగాలి.

వలస కూలీలే జ్వరాలు తెస్తున్నారన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది అన్యాయం. పగటిపూట కుట్టే ఈ దోమకు మొదట దొరికేది అక్కడే రేకుల షెడ్లలో ఉండే వారే. నీరు నిలవకుండా చూడవలసిన బాధ్యత బిల్డరుది.

నిర్మాణం ముగిసినా సమస్య పూర్తిగా తీరదు. ఊరు పెరిగినంత వేగంగా మంచినీటి సరఫరా పెరగదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట ప్రతి ఇంటా సంపులు, డ్రమ్ములు తప్పవు. పట్టణ మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ కూడా మూత సరిగా లేని ట్యాంకుల్లోనే పెరుగుతుంది.

అలాగని పట్టణాభివృద్ధి రోగాలనే తెస్తుందనుకోకూడదు. ఇదే నగరంలో 1908 మూసీ వరద, 1911 ప్లేగు తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఇరుకు బస్తీలను తొలగించి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది.

ఇక మీరు చేయగలిగింది చెబుతాను. ఫాగింగ్‌తో చచ్చేది ఎగిరే దోమలే, నీటిలోని లార్వాలు (గుడ్డు నుంచి వచ్చే పురుగులు) కావు. ఏడిస్ సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు కాబట్టి దాని పుట్టిల్లు మీ వీధికి దగ్గరలోనే ఉంటుంది. వారానికొకసారి మీ ఇంటి పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టండి. పక్క సైటులోని లిఫ్టు గుంతను, సెల్లార్‌ను తోడించమని కాలనీ సంఘం తరఫున బిల్డరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. తోడలేని చోట లార్వాలను చంపే మందు వేయించమని దోమల నివారణ చూసే మున్సిపల్ ఎంటమాలజీ సిబ్బందిని అడగండి.