పెల్లెట్ల గది తలుపు తెరిచే ముందు

చిన్నీకి,

ఇల్లూ, పక్కనున్న మీ వర్క్‌షాపూ వెచ్చగా ఉండేందుకు చెక్క పెల్లెట్ల బాయిలర్, అదే రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలను కాల్చేది, పెట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రెండు కిలోల పెల్లెట్లు దాదాపు ఒక లీటరు ఆయిలంత వేడినిస్తాయని తనకే పాఠం చెప్పావట. విని పొంగిపోయాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. పది శాతం లోపు తేమ ఉన్న పెల్లెట్లే కొను. సంచి అడుగున పొడి ఎక్కువగా కనిపిస్తే తిప్పి పంపెయ్. తడి తగిలితే ఉబ్బి పొట్టయిపోతాయి కాబట్టి నిల్వ గది గోడల్లో చెమ్మ ఉండకూడదు. దుంగలు కూడా కాలుద్దామనుకుంటే బాగా ఎండినవే వాడు. పచ్చి చెక్క బరువులో దాదాపు సగం నీళ్లే. అది కాల్చావంటే పొగ గొట్టంలో తారులా పేరుకుని, ఏదో ఒకరోజు ఆ గొట్టమే అంటుకుంటుంది. రంగులు, మందులు పట్టించిన చెక్క ముక్కలు ఊరికే వచ్చినా సరే పొయ్యిలో వెయ్యకు. ఎందుకైనా మంచిదని పెద్ద బాయిలర్ తీసుకోకు, మాటిమాటికీ ఆగుతూ వెలుగుతూ పాడవుతుంది. ముందు కప్పుకి ఇన్సులేషన్ చేయించి, ఆ తర్వాతే సైజు లెక్క కట్టించు.

ఇవన్నీ నీకు తెలిసినవే. నేను ఉత్తరం రాస్తున్నది నిల్వ గది గురించి.

ఈ పనిలోకి వచ్చి పదేళ్లయ్యాక ఒక పెద్ద భవనం బాయిలర్ నా చేతిలో ఉండేది. కింద నేలమాళిగలో పెల్లెట్ల గది. కొత్త సరుకు దిగిన వారానికే పెల్లెట్లను బాయిలర్‌లోకి తోసే స్క్రూ పట్టేసింది. బాయిలర్ ఆర్పేసి, పార తీసుకుని లోపలికి దిగాను. నిప్పు లేనిదే పొగ రాదు కదా, మంటే లేని గదిలో ఏముంటుందనుకున్నాను. లోపల కొత్త చెక్క వాసన, హాయిగానే ఉంది. కాసేపటికి కణతలు అదరడం మొదలైంది. పార బరువెక్కింది. పట్టు బిగించాలని చూస్తే వేళ్లు ముడుచుకోలేదు. పార నా చేతిలోంచి జారి పెల్లెట్ల మీద పడటం చూశాను, చప్పుడు మాత్రం ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

బయట నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఉన్నాడు, అప్పటికి ఇప్పటి నీ వయసు. పిలిస్తే పలకలేదని వాడూ లోపలికి దూకాడు. నేను తలుపు దగ్గరే పడి ఉండబట్టి లాగగలిగాడు. ఇంకో నాలుగడుగులు లోపలికి వెళ్లి ఉంటే ఇద్దరం అక్కడే ఉండిపోయేవాళ్లం. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఆక్సిజన్ మాస్క్‌తో వాడు, వాడి కాళ్ల దగ్గర వాళ్లమ్మ. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

తర్వాత తెలుసుకున్నాను. చెక్కలోని కొవ్వు పదార్థాలు గాలి తగిలి మెల్లగా మార్పు చెందుతాయి, మంట లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సరుకు ఎంత కొత్తదైతే అంత ఎక్కువ. రంగుండదు, వాసనుండదు, రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో పెల్లెట్ల ఓడ మెట్లదారిలోకి దిగిన నావికుడు చనిపోయాడు. సరుకున్న చోటు కూడా కాదు, పక్కనున్న మెట్లదారి!

అందుకని చెబుతున్నాను, విను. ఆ గదికి బయటి గాలి తగిలే రంధ్రాలు పెట్టించు. బాయిలర్ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించు. సరుకు దిగిన తొలి నాలుగు వారాలు అందులో అడుగు పెట్టొద్దు. తర్వాతైనా తలుపు బార్లా తీసి గాలి ఆడనిచ్చి, మీటరుతో చూసుకుని, బయట ఒక మనిషిని నిలబెట్టి వెళ్లు. లోపల ఎవరైనా పడిపోతే వెనకే వెళ్లకు. ఫోన్ చేసి సాయానికి పిలువు.

ఈ చివరి మాటే నీకు కష్టం, నాకు తెలుసు. ఆరేళ్లప్పుడు తొట్టిలో పడ్డ కుక్కపిల్ల కోసం ఈత రాకుండానే దూకిన పిల్లవి నువ్వు. తడిసిన గౌనుతో దాన్ని గుండెకు హత్తుకుని వణుకుతూ నిలబడితే నిన్ను తిట్టాను, తిట్టి తువ్వాలుతో తల తుడిచాను. ఇప్పుడూ అదే కోపం వస్తోంది, నువ్వింకా ఏమీ చెయ్యకముందే.

మొదటి లోడు ఎప్పుడొస్తుందో చెప్పు. ఆ గది తలుపు తొలిసారి తెరిచే రోజు నేను వస్తాను. పని నువ్వే చేసుకో, నేను బయట నిలబడతాను.

నీ మామయ్య