అసింక్ పెట్టినా ఫైల్ రీడింగ్ నెమ్మదించింది, ఎందుకు?

ప్రశ్న: రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద లాగ్ ఫైలును 64 బైట్ల ముక్కలుగా చదివే ప్రోగ్రామ్ రాశాను. వేగం పెరుగుతుందని టోకియో అనే అసింక్ లైబ్రరీకి మార్చి, ప్రతి రీడ్‌కీ అవెయిట్ (ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) పెట్టాను. తీరా చూస్తే మునుపటికన్నా నెమ్మదించింది. తప్పెక్కడ?

జవాబు: అసింక్ వల్ల ఏ రీడూ వేగం పుంజుకోదు. డేటా కోసం ఎదురుచూసేటప్పుడు థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పనులు నడిపే వరుస) ఊరికే ఆగిపోకుండా వేరే పని చూసుకోగలుగుతుంది, అంతే. నెట్‌వర్క్‌కు ఇది చక్కగా సరిపోతుంది. సాకెట్‌లోకి, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌లోకి, డేటా రాగానే లినక్స్‌లోని ఈపోల్ అనే సదుపాయం కబురు చెబుతుంది. ఆలోగా టోకియో మిగతా టాస్క్‌లను నడుపుకుంటుంది.

డిస్క్ మీది మామూలు ఫైళ్ల సంగతి వేరు. వాటిని ఈపోల్ అసలు తీసుకోదు, ఎర్రర్ ఇచ్చి తిప్పికొడుతుంది. అందుకని టోకియో మీ రీడ్‌ను ఇంకో థ్రెడ్‌కు అప్పగిస్తుంది. అక్కడ జరిగేది, పూర్తయ్యేదాకా థ్రెడ్‌ను ఆపేసే పాత బ్లాకింగ్ రీడే. (ఈ థ్రెడ్‌లు డిఫాల్ట్‌గా 512 దాకా ఉండొచ్చు.) పని అటు పంపడానికి, ఫలితం ఇటు తేవడానికి ప్రతిసారీ కొంత ఖర్చు. మీ లెక్కే చూడండి: ఒక ఎంబీ ఫైలుకు 64 బైట్ల చొప్పున 16,384 సార్లు ఈ రాకపోకలు! అదే 64 కేబీ బఫర్ (చదివిన డేటా ఉంచే చోటు) పెడితే 16 సార్లతో సరి.

నేనైతే మొత్తం చదివే పనిని ఒకే స్పాన్ బ్లాకింగ్‌లో (పనిని ఇంకో థ్రెడ్‌కు అప్పగించే టోకియో ఫంక్షన్) పెట్టి, లోపల పెద్ద ముక్కలుగా చదివి దాచుకునే స్టాండర్డ్ లైబ్రరీ బఫ్‌రీడర్ వాడతాను. అప్పుడు అప్పగింత ఒక్కసారే. మీ ప్రోగ్రామ్ ఫైళ్లు చదవడం తప్ప ఇంకేమీ చేయకపోతే టోకియోను నిస్సంకోచంగా తీసేయండి. 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ అనే సదుపాయం ఫైళ్లకు నిజమైన అసింక్ ఇస్తుంది కానీ, చదవడం పూర్తయ్యేదాకా బఫర్ కెర్నల్ చేతిలోనే ఉంటుంది. కాబట్టి దాని ఓనర్‌షిప్‌ను (రస్ట్‌లో డేటా మీద ఉండే యాజమాన్యం) వదులుకునేలా కోడ్ తిరగరాయాలి. లాగ్ ఫైలు కోసం అంత శ్రమ అక్కర్లేదు.

ప్రశ్న: అసింక్ ఫంక్షన్‌ను పిలిచాను. ఎర్రర్ లేదు, పనీ జరగలేదు!

జవాబు: అవెయిట్ మర్చిపోయి ఉంటారు. జావాస్క్రిప్ట్‌లో పిలవగానే ఫంక్షన్ మొదలవుతుంది. రస్ట్‌లో చేతికొచ్చేది ఫ్యూచర్, అంటే ఇంకా మొదలవని పని, మాత్రమే. ఎవరో ఒకరు పోల్ చేసేదాకా, అంటే ముందుకు నడిపేదాకా, అందులో ఒక్క లైనూ నడవదు. అవెయిట్ పెట్టండి, లేదా టోకియో స్పాన్ అనే ఫంక్షన్‌కు ఇవ్వండి. కంపైలర్ దీని గురించి వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, ఒకసారి పైకి స్క్రోల్ చేసి చూడండి.