జడ్చర్లలో దిగిపోయిన మనిషి

"అమ్మా, నాకు 46 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పెళ్లయి 23 ఏళ్లు. పాప బీటెక్ మూడో సంవత్సరం, బాబు ఇంటర్. మా ఆయన తాగడు, కొట్టడు. కానీ మా మధ్య మాటల్లేవు. 'గ్యాస్ బుక్ చేశావా', 'కూరలో ఉప్పెక్కువైంది', ఇంతే. నాకు జ్వరమొస్తే టాబ్లెట్లు తెచ్చి టీవీ పక్కన పెడతాడు, ఎట్లుంది అని అడగడు. సంక్రాంతికి ముందు అమ్మను చూడటానికి పాలమూరు పోతుంటే ఇమ్లీబన్ బస్టాండులో నా డిగ్రీ క్లాస్‌మేట్ కనిపించాడు. ఇద్దరం ఒకటే బస్సు. జడ్చర్లలో అతను దిగేదాకా మాట్లాడుకున్నాం. 'బోర్డు మీద సారు చేసిన తప్పు పట్టుకున్నది నువ్వే కదా, ఇంకా లెక్కలన్నీ నోటితోనే చేస్తున్నావా' అని అడిగాడు. నాకు ఏడుపొచ్చి కిటికీ వైపు తిరిగాను. అప్పటినుంచి రోజూ రాత్రి మెసేజీలు. తప్పుగా ఏమీ లేవు. అతనికి భార్య, కొడుకు ఉన్నారు. ఇంట్లో తనకూ సుఖం లేదంటాడు. నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మా ఆయనతో ఇంకా ఇరవై ఏళ్లు ఎట్లా గడపాలి? జీతం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి విడిగా ఉండాలన్నా నా చేతిలో ఏమీ లేదు. పాప పెళ్లయ్యేదాకా ఓర్చుకోవాలా? నేను చెడ్డదాన్నా?"

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీరు చెడ్డవారు కాదమ్మా. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో మిమ్మల్ని మీ గురించి ఒక మాట అడిగారు. కళ్లలో నీళ్లు రాకపోతేనే నేను కంగారుపడేదాన్ని.

ఆ ప్రశ్న దగ్గరే కాసేపు ఆగుదాం. అతను మీ అందాన్ని పొగడలేదు, పాత ప్రేమ కబుర్లేమీ చెప్పలేదు. మీరు లెక్కల్లో చురుకు అన్న సంగతి గుర్తుపెట్టుకున్నాడు. ఇంట్లో మీరు టిఫిన్ బాక్సు కట్టే మనిషి, గ్యాస్ బుక్ చేసే మనిషి, పాపకు ఫీజు గడువు గుర్తుచేసే మనిషి. సారు తప్పు పట్టుకున్న ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఏమైపోయిందని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. బస్సులో మీకు ఎదురైంది ఆ పిల్లే. ఆమెను గుర్తుచేసిన మనిషి పక్క సీట్లో ఉండటంతో ఆ బెంగంతా వెళ్లి అతని చుట్టూ అల్లుకుంది. ఈ రెండింటినీ విడదీసి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. ఇది తేలికని నేననను. రాత్రి పదకొండింటికి ఫోన్ వెలిగినప్పుడు గుండె కొట్టుకునే వేగానికి ఈ తేడాలేవీ తెలియవు.

ఇమ్లీబన్‌లో ఎక్కి షాద్‌నగర్ మీదుగా జడ్చర్ల దాకా అంటే రెండు గంటలకు అటూ ఇటూ. ఆ రెండు గంటల్లో మీ మధ్య కరెంటు బిల్లు రాలేదు, అత్తగారి మందులు రాలేదు, ఎవరి తమ్ముడి అప్పూ రాలేదు. 23 ఏళ్ల సంసారాన్ని తెచ్చి ఆ రెండు గంటల పక్కన నిలబెడితే ఏ సంసారమైనా ఓడిపోతుంది. అలాగని ఆ రెండు గంటలు మీకు చెప్పింది అబద్ధమనీ అనను. మీ ఇంట్లో ఏం లేదో అవి మీకు సరిగ్గానే చూపించాయి. అతనితో బతికితే ఎలా ఉంటుందో మాత్రం అవి చెప్పలేవు. అతని ఇంట్లో కూడా ఒకావిడ ఉంది కదా. తన భర్త తనతో మాట్లాడడు కానీ అర్ధరాత్రి దాకా ఫోన్లో ఎవరితోనో మాట్లాడతాడని ఆమె కూడా ఎక్కడో కూర్చుని ఇలాంటి ఉత్తరమే రాస్తూ ఉండవచ్చు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని వాక్యానికి వస్తాను. "జీతం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది." మీ ఉత్తరంలో బస్సు గురించి ఇన్ని మాటలున్నాయి, దీని గురించి అర వాక్యమే ఉంది. దాన్ని మీరు దాటుకుంటూ వెళ్లిపోయారు, నేను పోలేను.

కంపెనీ డబ్బు పైసాతో సహా లెక్క చూసే మనిషి, తన జీతంలోంచి ఐదొందలు కావాలంటే చెయ్యి చాచాలా? ఇది ఎప్పుడు మొదలైంది? ఉద్యోగంలో చేరిన కొత్తలో "నీకెందుకీ తిరుగుడు, నేను తీసుకొస్తాలే" అని మొదలై అలవాటైపోయిందా? లేక మీరు అడిగిన రోజుల్లో ఇంట్లో గొడవ జరిగి, మళ్లీ అడగడం మానేశారా? మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి. రేపు పొద్దున "నా కార్డు నాకివ్వండి" అనాలంటే మీకు అడ్డొచ్చేది మొహమాటమా, భయమా? తొందరపడకుండా జవాబు వెతకండి. ఆ మాట అంటున్నట్టు ఊహించుకుంటే కడుపులో ఏమవుతుందో చూడండి. నేను ఇచ్చే సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మొహమాటమే అయితే మీ సంసారంలో ఇంకా పని చేయడానికి చోటుంది. మీరు ఫిర్యాదుగా రాసిన ఒక మాటను నేను రెండుసార్లు చదివాను. జ్వరమొస్తే టాబ్లెట్లు తెచ్చి టీవీ పక్కన పెడతాడన్నారు. ఎట్లుందని అడగటం ఆయనకు రాదు, మందుల షాపుకు వెళ్లి రావటం వచ్చు. ఆ తరం మగపిల్లలు చాలామంది వాళ్ల నాన్న దగ్గర ఇంతే నేర్చుకున్నారు. దీనితో సరిపెట్టుకోమని నేను చెప్పటం లేదు. నుదుటి మీద చెయ్యి పడాల్సిన చోట టాబ్లెట్ల పట్టీ పడితే మనసుకు ఎంత చలిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ మీకు ఏం కావాలో ఆయనకు ఎప్పుడైనా విడమరచి చెప్పారా? విసుక్కోవటం, అలగటం, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేయటం నేను లెక్కలోకి తీసుకోవట్లేదు.

మాట్లాడటానికి ఇల్లు మంచి చోటు కాదు. టీవీ ఉంటుంది, బాబు పక్క గదిలో చదువుకుంటుంటాడు. మీ ఇంటికి దగ్గర్లోనే హరిణ వనస్థలి ఉంది కదా. ఆదివారం పొద్దున అక్కడికి నడుద్దామని తీసుకెళ్లండి. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మగవాళ్లు పక్కపక్కన నడుస్తుంటే కొంత మాట్లాడతారు. ఇన్నేళ్లు ఎదుట కూర్చోబెట్టి మాట్లాడించిన దాన్ని, అనుభవం మీద చెప్తున్నాను. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టకండి, ఆ మాటతో ఆయన చెవులు మూసుకుపోతాయి. "నేను ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. జ్వరమొచ్చిన రోజు మీరు పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. వచ్చే నెల నుంచి నా కార్డు నా దగ్గర ఉంచుకుంటాను, ఇంటి ఖర్చు ఇద్దరం కూర్చుని లెక్క రాసుకుందాం." ఇంతే చెప్పండి. ఆయన వెంటనే జవాబివ్వకపోవచ్చు. మూడు రోజులు ముఖం ముడుచుకుని ఉండవచ్చు కూడా. అలా ఉన్నా కంగారుపడి మాట వెనక్కి తీసుకోకండి.

భయమే అయితే పార్కులూ నడకలూ పక్కన పెట్టండి. భార్య సంపాదనను, ఆమెకు హక్కున్న డబ్బును ఆమెకు అందకుండా చేయటం 2005 గృహహింస చట్టం ప్రకారం ఆర్థిక హింస. కొడితేనే హింస అని మనకు అలవాటైపోయింది, చట్టం అలా చెప్పదు. ఆయనకు ముందుగా చెప్పాల్సిన పని లేకుండా మీ బ్రాంచికి ఆధార్ తీసుకుని వెళ్లి పాత కార్డు ఆపించి కొత్తది అడగండి. ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు కలిపి ఉందో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో కార్డు చేతికొచ్చినా ఓటీపీలు భర్త ఫోన్‌కే పోతుంటాయి. ఇంట్లో గొడవ ముదురుతుందనిపిస్తే ముందే 181కి ఫోన్ చేయండి, మహిళల కోసమే ఉన్న నంబరది. ఉచిత న్యాయ సహాయం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా దొరుకుతుంది, దానికి 15100. మీ పక్కింటావిడకో అక్కకో ఎవరికో ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచండి. అన్నీ మనసులోనే పెట్టుకోవద్దు.

విడిపోవటం గురించి కొద్దిగా చెప్తాను, ఎందుకంటే మీకు దాని గురించి భయమే తప్ప వివరం తెలిసినట్టు లేదు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరి ఇష్టంతో విడాకులు కావాలంటే ఏడాది విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలల గడువుంటుంది, కొన్ని కేసుల్లో దాన్ని తగ్గించే వీలుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఒప్పుకోకపోతే దారి పొడుగు. ఇంకొకటి, వివాహేతర సంబంధం 2018 నుంచి నేరం కాదు కానీ విడాకులకు కారణంగా ఇప్పటికీ చెల్లుతుంది. మీ మెసేజీల్లో తప్పేమీ లేదని నేను నమ్ముతాను. ఎదుటి పక్షం వకీలు అలా చదవడు.

ఆ మెసేజీల సంగతి. అతన్ని శత్రువులా చూడమని చెప్పను. కానీ రేపటి నుంచి రాత్రిపూట వద్దు. "మా ఇంటి విషయం నేను తేల్చుకోవాలి, అప్పటిదాకా మాట్లాడను" అని పగటిపూట ఒక్క మెసేజ్ పెట్టి ఆపండి. మీకిది కష్టం. మొదటి వారం తలనొప్పిలా ఉంటుంది. కానీ రోజూ రాత్రి అతని దగ్గర మనసు తేలిక చేసుకుంటుంటే, మీ ఇంట్లో అనాల్సిన మాట ఏ రోజుకారోజు వాయిదా పడుతుంది. ఒకరి కోసం ఇల్లు వదిలి, ఆ ఒకరు రాకపోతే నడిరోడ్డు మీద నిలబడిన ఆడవాళ్లను నేను చూశాను. ఎవరి కోసమూ కాకుండా, ఉండలేక బయటికొచ్చి నిలదొక్కుకున్నవాళ్లనూ చూశాను. మీరు ఏ నిర్ణయానికి వచ్చినా, అతను ఆ రోజు ఇంకో బస్సు ఎక్కి ఉన్నా ఇదే నిర్ణయం తీసుకునేదాన్ని అని చెప్పగలిగితేనే దాన్ని నమ్మండి.

మూడింటికి మెలకువ రావటాన్ని మాత్రం పూర్తిగా మనసు మీద వేయకండి. 46 ఏళ్ల వయసులో నెలసరి ఆగిపోయే దశ దగ్గర పడుతుంటే నిద్ర చెదరటం, ఒంట్లో ఆవిర్లు రావటం, ఊరికే ఏడుపు రావటం మామూలే. గైనకాలజిస్టుకు చూపించుకుని థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి. ఎవరైనా "ఇదంతా వయసు ప్రభావం" అని మీ బాధను కొట్టిపారేస్తే వినకండి, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. రాత్రి మరీ భారంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాప పెళ్లయ్యేదాకా ఓర్చుకోవాలా అన్నారు. పాప ఇరవై ఏళ్ల పిల్ల. ఆమె మిమ్మల్ని చూస్తూనే పెరిగింది. ఉద్యోగంలో చేరాక తన కార్డు ఎవరి దగ్గర ఉంచాలో ఆమె మీ ఇంట్లోనే నేర్చుకుంటోంది. ఆమె పెళ్లి కోసం ఎదురుచూస్తూ ఇప్పుడు చేయాల్సిన పని ఆపకండి. సెలవులకు వచ్చినప్పుడు బస్సు సంగతి చెప్పనక్కర్లేదు, బోర్డు మీద సారు తప్పు పట్టుకున్న సంగతి చెప్పండి. ఆ కథ ఆమెకు తెలియదని నా అనుమానం.

ఒకటో తారీఖున జీతం పడ్డాక నాకు మళ్లీ రాయండి. ఆ రోజుకు కార్డు ఎక్కడుందో మొదటి వాక్యంలోనే రాయండి.