ఏ చెవిని పియానో వైపు తిప్పేది?

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు రాసి పంపిన, స్పెయిన్‌లో 117 ఏళ్లు బతికిన మరియా బ్రన్యాస్ జీవితకథ మొన్న రాత్రి చదివాను. విసుగొచ్చి పక్కన పెట్టేశాను. తెల్లవారుజామున లేచి మళ్లీ తీశాను. ఏడో పేజీలో ఒక్క వాక్యం నన్ను పడుకోనివ్వలేదు. ఓడ మీద ఆడుకుంటూ పడిపోయి ఆవిడకి ఒక చెవి వినపడకుండా పోయిందని రాశావు. అంతే, ముందుకెళ్లిపోయావు. ఎక్కడికి? స్పానిష్ ఫ్లూ దగ్గరికి, అక్కణ్నుంచి హిట్లర్ దగ్గరికి, ఆపైన చంద్రుడి మీదికి. ఆవిడ అన్నేళ్లు బతికింది కదా అని లోకంలో జరిగినవన్నీ ఆవిడ కిటికీ ముందు ఊరేగించావు. ఆవిడ మటుకు ఎక్కడా కనపడలేదు.

ఆ ఓడ దగ్గరే ఆగాల్సింది. 1907లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన పిల్ల, 1915లో అమ్మానాన్నలతో స్పెయిన్‌లోని కాటలోనియాకి తిరిగొస్తోంది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. క్షయతో ఉన్న నాన్న రేవు చేరకముందే పోయాడు. శవపేటికని సముద్రంలో వదిలేశారు. ఆ ప్రయాణంలోనే చెవీ పోయింది. మిగిలిన ఒక్క చెవితో 108 ఏళ్లొచ్చేదాకా పియానో వాయించింది. చెవి సంగతి ఏడో పేజీలో ఉంది, పియానో సంగతి పదమూడో పేజీలో ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు! పియానో ముందు కూచున్నప్పుడు ఏ చెవిని అటు తిప్పేది? మెడ ఏ పక్కకి వంగేది? జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు. అలా అడుక్కున్నాక నువ్వు రాసే వాక్యం మారిపోతుంది.

'పాపం ముసలమ్మ' అని ఐదుచోట్ల రాశావు. కొట్టెయ్. కూతురి సాయంతో నడిపిన ఎక్స్ ఖాతాకి ఆవిడ 'సూపర్ ఆవియా కాటలానా' అని పేరు పెట్టుకుంది. ఆవియా అంటే అమ్మమ్మ. తను ముసలిదాన్నే, చాలా ముసలిదాన్నే గానీ తెలివితక్కువదాన్ని కాదని అక్కడే రాసుకుంది.

ఇక చివర్లో ఆ 'దీర్ఘాయుష్షు రహస్యాలు'. రోజుకి మూడు పెరుగు కప్పులు. ఆవిడ రక్తం, లాలాజలం పరీక్షించిన బార్సిలోనా శాస్త్రవేత్త మానెల్ ఎస్తెలెర్ బృందం పెరుగు ఒక్కటే కారణమనలేదు, పుట్టుకతో అబ్బిన జన్యువుల గురించీ చెప్పింది. అయినా నిన్ననేం లాభం, ఇది ఎడిటర్లు మనందరికీ అంటించిన జబ్బు. నా ముప్పయ్యో ఏట మా నాయనమ్మ మీద వ్యాసం రాశాను. 94 ఏళ్ల మనిషి. ఓ వారపత్రిక ఎడిటరు, తాతయ్య పోయిన భాగమంతా కొట్టేసి, 'ఆవిడ ఏం తినేదో రాయండి, పాఠకులకి పనికొస్తుంది' అన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ. రాగిసంకటి, గానుగనూనె, పొద్దున్నే నడక అని రాసిచ్చాను. సగం అబద్ధం. పత్రిక పట్టుకెళ్లి నాయనమ్మకి చదివి వినిపించాను. అంతా విని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, 'మీ తాత సంగతి రాయలేదేంరా?' అంది. ఆ ఏడే పోయింది. ఆ ఎడిటర్ని నేనింకా క్షమించలేదు.

అందుకే మరియా భర్త జువాన్ మొరెట్‌ని నువ్వు ఒక్క లైనులో సాగనంపేస్తే ఊరుకోలేకపోతున్నాను. 1931లో వాళ్ల పెళ్లి. పెళ్లిరోజు, పెళ్లి జరిపించాల్సిన చర్చి ఫాదర్ కోసం గంటల తరబడి చూశారు, తీరా ఆయన చనిపోయాడని తెలిసింది. ఫోను లేదు. ఇంకో ఫాదర్ కోసం జిరోనా పట్టణానికి కారు పంపారు. ఆ కొన్ని గంటలు పెళ్లికూతురు ఎక్కడ కూచుంది? స్పెయిన్ అంతర్యుద్ధంలో, డాక్టరైన ఆ మొగుడి పక్కనే నర్సుగా పనిచేసింది. నీ రాతలో ఆయన 1976లో చనిపోతాడు, వెంటనే వచ్చే వాక్యంలో ఆవిడ 2020లో కోవిడ్ నుంచి కోలుకుంటుంది. మధ్యలో 44 ఏళ్లు, అమ్మాయ్! నీ వయసుకి దాదాపు రెట్టింపు. 2024 ఆగస్టు 19న ఓలోట్‌లో, వృద్ధాశ్రమంలో కన్నుమూసేదాకా ఆయన లేకుండానే 48 ఏళ్లు గడిపింది. నీ కథ అక్కడుంది.

పోటీకి పంపొచ్చా, శీర్షిక బాగుందా అని అడిగావు. అవి ఇప్పుడొద్దు. ఓడ దగ్గర మొదలుపెట్టి, పెళ్లి దాకా రాసి పంపు. పెరుగు తీసెయ్. ఫెయిర్ కాపీ చెయ్యకు, కొట్టివేతలతో సహా పంపు.

ఆశీస్సులతో,
మాష్టారు