ఒక చెవి వింటోంది కదా అని ఆగిపోకు

పర్లాకిమిడి

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకి పుట్టుకతోనే ఎడమ చెవి వినపడదని, విశాఖపట్నం తీసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్తే తెలిసింది. నాకు చెప్పడానికి నోరు రాలేదా పిల్లా? గుండె ఝల్లుమంది. ఇంత పసితనంలోనే కదిలావని పొంగిపోయాను కూడా.

పాత కాగితాలన్నీ పట్టుకెళ్ళు. బెరా పరీక్ష, అంటే శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని తలకి తీగలంటించి చూసేది, నిద్రలో చేస్తారు. పాలు ఎప్పుడు పట్టాలో ముందే అడుగు.

మీ చిన్న మావయ్యకీ ఇదే లోపం. అనుమానమొచ్చి మా నాయనమ్మ వాడి వెనక నిలబడి కంచం మీద గరిటెతో కొట్టింది. వాడు చటుక్కున తిరిగాడు. "శుభ్రంగా వింటున్నాడు, ఊరుకోండి" అంది. తిరిగింది బాగున్న చెవితో! బళ్ళో కుడిపక్క గోడ వారన కూర్చోబెట్టారు. వినే చెవి గోడకి, వినపడనిది మాస్టారికి. ఒడియా పాఠం సగం అందేది కాదు, మొండివాడని దెబ్బలు. ఎనిమిదో తరగతిలో పక్కింటి ఫోను ఎడమ చెవికి పెట్టుకుని "అక్కా, ఇది పాడైపోయింది" అన్నాడు. నేను తీసుకుంటే అవతల నాన్న మాట్లాడుతూనే ఉన్నారు. ఇప్పటికీ లారీ హారను ఏ పక్కనుంచో వాడికి తెలీదు. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ వినాలి.

ఆపరేషన్ అనగానే తలూపకు. ముందు ఎమ్మారైలో వినికిడి నరం ఉందో లేదో చూడమను. నరమే లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో అమర్చి నేరుగా నరానికి శబ్దం అందించే పరికరం, పెట్టినా లాభం లేదు. కొంత వినికిడి ఉంటే మామూలు మిషను చాలొచ్చు. చెవి రంధ్రం మూసుకుపోయి లోపల బాగుంటే, తలకి పట్టీ కట్టి ఎముక ద్వారా వినిపించేది పసివాళ్ళకీ పెడతారు. అమెరికాలో ఒంటి చెవుడుకి ఇంప్లాంట్ పెట్టడానికి అనుమతి 2019లో వచ్చింది, అదీ ఐదేళ్ళు దాటినవాళ్ళకి. కానీ పుట్టు చెవుడుకి ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. పాపకి ఎప్పుడు మంచిదో డాక్టర్ని గట్టిగా అడుగు.

నా భయమంతా కుడి చెవి మీదే. అందులో నూనె చుక్క పడనివ్వకు, మీ అత్తగారికి నేను చెప్పానని చెప్పు. చెవి కారితే ఆ రోజే చూపించు. గవదబిళ్ళలతో ఉన్నట్టుండి చెవుడు రావచ్చు. ఆ టీకా సర్కారు వేసేవాటిలో ఉండదు, వయసు రాగానే డబ్బిచ్చయినా వేయించు. ఎత్తుకున్నప్పుడు కుడి చెవి నీ వంటికి ఆనకుండా చూసుకో తల్లీ, ఆ పక్కనుంచే కబుర్లు చెప్పు.

ఖర్చుకి మొహమాటపడకు. బయల్దేరే రోజు చెప్తే మావయ్య తోడొస్తాడు.