మీ సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు

ప్రశ్న: మేడమ్, నా వయసు 26. మాది గుంటూరు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. పెళ్లి కాలేదు. స్కానింగ్‌లో ఎనిమిదో వారం అని వచ్చింది. జాగ్రత్త తీసుకున్నా ఇలా అయింది. బిడ్డను కనే పరిస్థితిలో లేను. ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే భర్త సంతకం కావాలన్నారు, లేదంటే అమ్మనో నాన్ననో తీసుకురమ్మన్నారు. అతనేమో ‘నేను ఒప్పుకోను, తీయించుకుంటే కేసు పెడతా’ అంటున్నాడు. మొన్న రాత్రి రూమ్మేట్‌తో కలిసి ‘డర్టీ డ్యాన్సింగ్’ అనే పాత ఇంగ్లిష్ ప్రేమకథ చూశాను. అందులో డ్యాన్సర్ అమ్మాయికి జరిగింది చూశాక నిద్ర పట్టడం లేదు. నేను చేయబోయేది నేరమా? నా గతీ అంతేనా?

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెప్తాను. ఇది నేరం కాదు. పెళ్లయినా కాకపోయినా, ఎనిమిది వారాల గర్భాన్ని అనుమతి ఉన్న ఆసుపత్రిలో, అర్హత ఉన్న డాక్టరు చేత తీయించుకోవడం మన దేశంలో చట్టబద్ధమే. దానికి మీ సంతకం ఒక్కటి చాలు.

ఆ సినిమా నేనూ చూశాను. అందరికీ అందులో డ్యాన్సులు గుర్తుంటాయి. నాకు మాత్రం చీకటి పడ్డాక రిసార్టు వంటగదిలో ఒక మూల ముడుచుకుని కూర్చుని ఏడుస్తున్న ఆ డ్యాన్సర్ పెన్నీయే గుర్తుంటుంది. ఆమె గర్భానికి కారణమైన కుర్రాడు రేపోమాపో మెడిసిన్ చదవబోయేవాడు, తనకేమీ పట్టనట్టు తప్పుకుంటాడు. కథ 1963 నాటిది. అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలో తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప గర్భస్రావం నేరం. అందుకే దొంగచాటుగా వచ్చే ఒక మనిషి కోసం 250 డాలర్లు పోగుచెయ్యాల్సి వచ్చింది. అతను వచ్చేది ఆ ఒక్క రాత్రే. సరిగ్గా అదే రాత్రి పెన్నీ వేరేచోట స్టేజీ ఎక్కాలి. ఆమె బదులు డ్యాన్స్ చెయ్యడానికి హీరోయిన్ ఒప్పుకోబట్టే ఆ ప్రేమకథ నడిచింది. ఆ మనిషి శుభ్రం లేని కత్తితో పెన్నీని చావు అంచుదాకా తీసుకెళ్లాడు. చివరికి ఆమెను బతికించింది హీరోయిన్ తండ్రి, అసలైన డాక్టరు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పెన్నీకి ప్రమాదం గర్భం తీయించుకోవడం వల్ల రాలేదు. ఆసుపత్రి తలుపు మూసేసినందువల్ల వచ్చింది. 1987లో ఆ సినిమా వచ్చేనాటికి అమెరికాలో ఈ హక్కు దక్కి 14 ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఈ సంగతి ఎందుకని చాలామంది అడిగితే, ఈ హక్కు ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న నమ్మకం లేదని రచయిత్రి ఎలినార్ బెర్గ్‌స్టీన్ అన్నారు. ఆమె భయం నిజమైంది. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హక్కును తీసేసింది.

అదే ఏడాది సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం మీకు సరిగ్గా సరిపోతుంది. ఆ కేసు వేసిన అమ్మాయికి 25 ఏళ్లు, పెళ్లి కాలేదు. ఊరు మణిపూర్, ఉంటున్నది ఢిల్లీలో. రైతు కుటుంబం, ఐదుగురు పిల్లల్లో పెద్దది. పెళ్లి చేసుకుంటానన్నవాడు చివర్లో మాట తప్పాడు. అప్పటికి ఇరవై వారాలు దాటిపోవడంతో, ఇరవై దాటాక ఎవరెవరికి అనుమతి ఇవ్వొచ్చో చెప్పే జాబితాలో పెళ్లికాని స్త్రీలు లేరని హైకోర్టు కాదంది. చట్టం ముందు పెళ్లయిన స్త్రీ, కాని స్త్రీ అన్న తేడా ఉండకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. మీది ఎనిమిదో వారమే కాబట్టి అంత దూరం వెళ్లే పనే లేదు.

గర్భం తీయించుకోవడానికి సంబంధించిన మన చట్టం (ఎంటీపీ చట్టం) 1971లో వచ్చింది, 2021లో సవరించారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. సవరణకు ముందు ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉన్నచోట ఇప్పుడు ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని ఉంది. అంటే మీరు రాసినట్టు, తీసుకున్న జాగ్రత్త విఫలమవడం పెళ్లికానివారికీ చెల్లే కారణమే. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి తప్ప ఇంకెవరిదీ అవసరం లేదని 3వ సెక్షన్ చెబుతోంది. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. నర్సింగ్ హోమ్ వాళ్లు అడిగిన భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. రేపు ఏ గొడవైనా వస్తే మన మీదికి రాకూడదని వాళ్లు సొంతంగా పెట్టుకున్న నియమం అది.

ఆ నియమం ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ‘భర్త/తండ్రి సంతకం’ అన్న గడి చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టారు. ఆ సున్నా కోసం మూడు వారాలు తిరిగి, చివరికి మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని వేసుకుంది. రక్తస్రావం ఆగక ఆసుపత్రిలో చేరింది. బతికింది. చట్టం ఉండి కూడా ఆ అమ్మాయికి పెన్నీ పరిస్థితే వచ్చిందంటే నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

చట్టంలో లోటు లేదని కూడా అనను. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అయినా చట్టం మాత్రం ‘స్త్రీ కోరితే’ అనదు, ‘డాక్టరు సదుద్దేశంతో భావిస్తే’ అంటుంది. అంటే నిర్ణయం మీదే అయినా, తాళం డాక్టరు చేతిలో ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ తాళం బిగుస్తుంది. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహిత అడిగితే సుప్రీంకోర్టే ఒప్పుకోలేదు. అందుకే మీరు ఒక్క వారం కూడా పోగొట్టుకోవద్దంటున్నాను.

ఇక అతని బెదిరింపు సంగతి. కట్టుకున్న భర్తకే ఆపే అధికారం లేదు. భార్య తన అనుమతి లేకుండా గర్భం తీయించుకుందని నష్టపరిహారం కోరిన భర్త కేసును సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది. అతను మెసేజ్‌లలో బెదిరిస్తుంటే డిలీట్ చెయ్యకుండా దాచండి. లాయరు కావాలంటే 15100కి ఫోన్ చెయ్యండి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఊళ్లో తెలుస్తుందన్న భయమూ మీకు ఉండొచ్చు. మీ వివరాలు బయటపెడితే డాక్టరుకు ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. ఆసుపత్రి రిజిస్టరు రహస్య పత్రం. స్కానింగ్ దగ్గర ఫారంలో భర్తదో తల్లిదండ్రులదో పేరు అడుగుతారు, అది వివరాల కోసమే. పేరు అడగడం వేరు, అనుమతి అడగడం వేరు.

మాత్రలతో అయ్యేది తొమ్మిది వారాల దాకానే. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది, మీరు కలిసిన రోజు నుంచి కాదు. కాబట్టి మీకు ఉన్నవి కొద్ది రోజులే. గడువు దాటినా వేరే పద్ధతి ఉంది, కంగారు పడొద్దు. సొంతంగా మాత్రలు మాత్రం కొనకండి. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

రేపు ఉదయమే పేట్లబురుజు లేదా కోఠి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఓపీకి వెళ్లండి. వయసు రుజువు, స్కాన్ రిపోర్టు, తోడుగా రూమ్మేట్. అక్కడా సంతకం అడిగితే ‘ఎంటీపీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం నా సమ్మతి చాలు. కాదంటే ఆ మాట రాసివ్వండి’ అనండి. సమ్మతి కోసం ‘ఫారం సి’ ఇస్తారు. అందులో ‘కుమార్తె/భార్య’ అని ఉంటుంది. ‘భార్య’ అన్న మాట కొట్టేసి, కింద మీ సంతకం పెట్టండి.